గిటారు గొంతు మార్చేముందు

కిందటి వేసవిలో మా అక్కగారబ్బాయి ఒక పొడుగాటి పెట్టె మోసుకొని మా ఇంటికి వచ్చాడు. తెరిచి చూస్తే అందులో దానిమ్మగింజ రంగు ఎలక్ట్రిక్ గిటారు. వయొలిన్‌కు ఉన్నట్టే దాని పైపలక మీద ‘ఎఫ్’ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు ఉన్నాయి. పెళ్ళి విందులలోను, కళాశాల ఉత్సవాలలోను వాయించి కూడబెట్టుకున్న డబ్బుతో పాతదాన్ని కొన్నాడట. కొన్న నెల్లాళ్ళకే అతనికి దానిమీద విరక్తి కలిగింది.

“మామయ్యా, దీనికి జలుబు చేసినట్టుంది. మెడ దగ్గరి పికప్ ముద్దగా పలుకుతోంది. బ్రిడ్జి దగ్గరిదేమో శబ్దం కాస్త పెంచేసరికి కీచుమంటోంది. రెండూ పీకేసి పదహారు కిలో ఓములవి వేయిద్దామనుకుంటున్నాను. వాటికి పవర్ ఎక్కువట” అన్నాడు.

అతని దగ్గర మిగిలింది సరిగ్గా ఆ రెండు పికప్‌లకు సరిపోయే డబ్బు మాత్రమే. పొరపాటు జరిగితే మళ్ళీ ఒక ముహూర్తాల కాలం గడిస్తేగాని తేరుకోలేడు. ఎలక్ట్రిక్ గిటారు వాయించే యువకులు ఈనాడు ఊరూరా ఉన్నారు. వారిలో అనేకులకు ఇదే సందేహం కలుగుతున్నదని విన్నాను. అందువల్ల ఈసారి ఈ శీర్షికను ఆ గిటారుకే వదిలిపెడుతున్నాను.

ముందుగా చెప్పుకోవలసిన మాట ఒకటుంది. పికప్ అంటే మైకు కాదు. మైకు గాలి కదలికను అందుకుంటుంది. పికప్ ఉక్కు తీగ కదలికను అందుకుంటుంది. అయస్కాంతం పక్కన వెంట్రుకపాటి సన్నని రాగి వైరును వేల చుట్లు చుట్టి ఉంచుతారు. దానిపై ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం చలిస్తుంది; ఆ చలనం రాగిచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ మాండొలిన్ జంట తీగలను వదలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీత గమకాలను పలికించగలిగారంటే, ఆ సూత్రం కూడా ఆయనకు అండగా నిలిచింది.

ఈ రాగిచుట్టకు ఒక అవలక్షణం ఉంది. పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు, ట్యూబులైటు చోకు వెదజల్లే రొదను సైతం అది తీగ నాదంతో పాటే అందుకుంటుంది. మన దేశంలో ఆ రొద 50 హెర్ట్జ్‌ల దగ్గర, అమెరికాలో 60 హెర్ట్జ్‌ల దగ్గర మొదలవుతుంది. దీనికి విరుగుడుగా మిషిగన్ రాష్ట్రం కలమజూ పట్టణంలోని గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ ఒకటికి బదులు రెండు చుట్టలను పక్కపక్కన అమర్చాడు. రెండింటి అయస్కాంత ధ్రువాలు ఎదురెదురు, చుట్ల దిశలు కూడా ఎదురెదురు. తీగ నాదం రెండింటా కూడుతుంది. బయటి రొద రెండింటా కొట్టుకుపోతుంది. దానికే హంబకర్ అని పేరు. పేటెంటుకు దరఖాస్తు పెట్టింది 1955లో, మంజూరయింది 1959లో. ఆ రోజులలో పికప్ అడుగున ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అనే చీటీ అంటించేవారు. ఆ చీటీ ఉన్న పికప్‌లకే ఈనాడు పి.ఏ.ఎఫ్. అని పేరు, ప్రతిష్ఠ, కళ్ళు తిరిగే ధర. తమాషా ఏమిటంటే, పేటెంటు వచ్చాక అంటించిన చీటీల మీద వేసిన నంబరు అసలు పికప్‌దే కాదు. తీగలను బిగించే మరో భాగానిది!

ఇక గిటారు సంగతి. తొలినాళ్ళలో పూర్తి బోలు గిటారుకే పికప్ తగిలించారు. 1936లో వచ్చిన గిబ్సన్ ఇ.ఎస్. 150 అటువంటిది, జాజ్ విద్వాంసుడు చార్లీ క్రిస్టియన్ చేతిలో అది ప్రసిద్ధి పొందింది. కాని శబ్దం పెంచితే స్పీకరు నుంచి వచ్చిన ధ్వనికి బోలు డొక్క తానే కంపిస్తుంది. ఆ కంపనం తీగలకు ఎక్కుతుంది. తీగల నుంచి మళ్ళీ స్పీకరుకు పోతుంది. చివరికి మిగిలేది ఊళ. ఈ బాధ పడలేక లెస్ పాల్ 1940 ప్రాంతంలో నాలుగంగుళాల చదరపు పైన్ దుంగ మీదనే తీగలు బిగించి, చూపరుల కోసం దానికి రెండు వైపులా గిటారు రెక్కలు అతికించాడు. 1958లో గిబ్సన్ కంపెనీ తెచ్చిన ఇ.ఎస్. 335 ఈ రెండింటికీ మధ్యేమార్గం. రెక్కలు బోలు, నడుమ మెడ నుంచి అడుగు దాకా మేపుల్ కొయ్య దిమ్మ. బి.బి. కింగ్ ‘లూసిల్’ అని ముద్దుగా పిలుచుకున్న గిటార్లలో చాలా భాగం ఈ కుటుంబానివే. మావాడి గిటారు కూడా ఈ నమూనాకు తూర్పు దేశాలలో తయారైన అనుకరణ.

ఇక్కడ ఒక హెచ్చరిక. బయటికి ఇలాగే కనిపిస్తూ లోపల దిమ్మ లేని గిటార్లు కూడా ఉన్నాయి. బీటిల్స్ వాడిన ఎపిఫోన్ కసీనో పూర్తిగా బోలే. రంధ్రంలోంచి టార్చి వేసి చూసి, ఏది ఏదో తేల్చుకోనిదే పికప్ మాట తలపెట్టవద్దు.

మావాడి ఫిర్యాదులు రెండు. రెండింటికీ కారణాలు వేరు. ముద్దగా పలకడం ఒక వ్యాధి, కీచుమనడం మరొక వ్యాధి. పదహారు కిలో ఓముల మందు రెండింటిలో దేనికీ పనికిరాదు. మొదటిదాన్ని ఇంకా ముదరబెడుతుంది కూడా.

ఎందుకంటే ఓముల సంఖ్య రాగి వైరు పొడవును, మందాన్ని చెబుతుందే తప్ప గొంతును చెప్పదు. అదే పొడవు వైరును ఇంకా సన్నగా తీస్తే ఓములు పెరుగుతాయి, బలం పెరగదు. అంతెందుకు, రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల చల్లని గదిలో 8 కిలో ఓములు చూపిన పికప్ విజయవాడ మే నెల 40 డిగ్రీల ఎండలో 8.6 చూపుతుంది. ఎండాకాలంలో దాని బలం పెరిగిందని ఎవరైనా అంటారా? ఇక అదే మందం వైరును నిజంగా ఎక్కువ చుట్లు చుడితే శబ్దం పెరిగే మాట వాస్తవమే. అయితే చుట్ట ప్రేరకత్వం కూడా పెరిగి పై స్వరాల మెరుపు తగ్గుతుంది. ఘన కొయ్య గిటారుతో గట్టిగా గర్జించేవారికి అది పనికివస్తుందేమో గాని, సగం బోలు గిటారును ఏ గాలి గుణం కోసం కొనుక్కుంటారో ఆ గుణమే అందులో మునిగిపోతుంది. 1950లనాటి హంబకర్‌లను చూడండి. చుట్లను ఖచ్చితంగా లెక్కించే ఏర్పాటు లేక ఒక్కొక్కటి ఒక్కొక్క రకంగా తయారైనా, అవి ఇంచుమించు 7 నుంచి 9 కిలో ఓముల మధ్యనే ఉన్నాయి.

హంబకర్ ప్రేరకత్వం మామూలుగా 4, 5 హెన్రీలు. గిటారు నుంచి ఆంప్లిఫయరుకు పోయే కేబులు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటర్ లాగా పనిచేస్తుంది. ఈ రెండూ కలిసి ఒక స్వరస్థాయి దగ్గర శబ్దాన్ని ఎత్తి చూపుతాయి. ఆ పైన కోసివేస్తాయి. 4.4 హెన్రీల పికప్‌కు 3 మీటర్ల కేబులు తగిలిస్తే ఆ శిఖరం 3,800 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. 6 మీటర్లయితే 2,900కు దిగజారుతుంది. మావాడు వాడుతున్నది సరిగ్గా ఆరు మీటర్ల చుట్ట. అందులో సగం ఎప్పుడూ నేలమీద పాములా పడి ఉండేదే! పొట్టి కేబులు తగిలించగానే అతని ముఖం కొంత వికసించింది.

తరువాత స్క్రూడ్రైవరు తీసి మెడ పికప్‌ను దించాం. మెడ దగ్గర తీగ ఊపు ఎక్కువ కనుక పికప్ అక్కడ తీగకు మరీ దగ్గరగా ఉంటే మందర స్వరాలు ముంచెత్తుతాయి. చివరి మెట్టు మీద తీగను నొక్కిపట్టి, మెడ దగ్గర 2.4 మిల్లీమీటర్లు, బ్రిడ్జి దగ్గర 1.6 మిల్లీమీటర్లు సందు ఉండేట్టు మొదలుపెట్టి, అక్కడి నుంచి చెవి చెప్పినట్టు జరుపుకోవాలి. ఇంత చేశాక “మెడ పికప్ బాగానే ఉంది మామయ్యా” అన్నాడు. అయినా పూర్తి తృప్తి కలగలేదు. ఆ మిగిలిన కొరతకు కారణం లోపలి కంట్రోళ్ళలో దొరికింది. ఈ రకం గిటారులో రెండు వాల్యూమ్, రెండు టోన్ కంట్రోళ్ళు ఉంటాయి. హంబకర్‌కు 500 కిలో ఓములవి వేయడం ఆనవాయితీ. విలువ తగ్గినకొద్దీ పై స్వరాలు నేలకు ఇంకిపోతాయి. మావాడి గిటారులో 500 అని అచ్చువేసిన కంట్రోలు మీటరు మీద 310 చూపింది. తయారీలో ఇరవై శాతం హెచ్చుతగ్గులు మామూలే. ఇది మాత్రం మామూలు కాదు.

కాబట్టి మెడ పికప్‌ను ఉండనిచ్చాం. సగం డబ్బు మిగిలింది.

కీచుమనే బ్రిడ్జి పికప్ సంగతి వేరు. సగం బోలు గిటారులో కూత రెండు విధాలు. ‘ఊ’మని మెల్లగా మొదలై లావుగా ఎదిగేది డొక్క కంపనం. దానికి ఏ పికప్ మార్చినా లాభం లేదు. స్పీకరుకు ఎదురుగా కాక పక్కకు జరిగి నిలబడటమే మందు. ఉన్నట్టుండి సూదిలా చెవిలో దిగేది మాత్రం పికప్ తప్పే. లోపల వదులైన రాగిచుట్లు గాని, పైనున్న లోహపు మూత గాని స్పీకరు శబ్దానికి అదిరి, పికప్ కాస్తా మైకు లాగా మారుతుంది. అనుమానం తీర్చుకోవాలంటే పికప్ మూత మీద గోటితో తట్టి చూడండి. స్పీకరులో తలుపు తట్టినంత శబ్దం వస్తే దానికి మైనం పట్టలేదన్నమాట. పారఫిన్‌లో కొంత తేనెమైనం కలిపి, సుమారు 65 డిగ్రీల వేడిలో పికప్‌ను ముంచి ఉంచితే మైనం చుట్ల మధ్యకు ఇంకి వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది. వేడినీళ్ళ గిన్నెలో మైనం గిన్నె పెట్టి కరిగించాలే గాని మంటమీద నేరుగా పెట్టరాదు. వేడి హెచ్చితే చుట్టను మోసే ప్లాస్టిక్ వంకరపోతుంది, మైనం అంటుకుంటే ఇల్లే వంకరపోతుంది. మావాడి పికప్‌లో మూత లోపల ఊడి గిలగిలలాడుతోంది. ఆ పాతదానితో తంటాలు పడటంకంటె ఒక్క బ్రిడ్జి పికప్ కొత్తది కొనడమే మేలని నిర్ణయించాం.

కొనేటప్పుడు మేము చూసినవి ఇవి. సుమారు 8 కిలో ఓములు. మైనం పట్టినది. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఆల్నికో అయస్కాంతాలలో రెండో రకం మెత్తగా, ఐదో రకం దిటవుగా పలుకుతాయి. బ్రిడ్జి దగ్గర కాబట్టి ఐదో రకం ఎన్నుకున్నాం. మూత నికెల్ సిల్వర్‌దై ఉండాలి; ఇత్తడి మూత పై స్వరాలను కొంత మింగేస్తుంది. ఆరు తీగల కింద వచ్చే మరల మధ్య దూరం కూడా కొలుచుకోవాలి. కొన్నింటిలో మొదటి మర నుంచి ఆరో మరకు 50 మిల్లీమీటర్ల లోపు, కొన్నింటిలో 52, 53 ఉంటుంది. అలాగే కంట్రోళ్ళ మెడ మందం. అమెరికా కొలత కంట్రోలుకు సుమారు 9.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి; తూర్పు దేశాల గిటార్లలో అంతకంటె చిన్న రంధ్రాలు ఉండటం కద్దు. ఇది చూసుకోక సరుకు కొని, ఆనక గిటారు పలకను తొలిచినవారు లేకపోలేదు.

నాలుగు వైర్లు బయటికి వచ్చే పికప్ తీసుకోవడం మంచిది. వాటితో రెండు చుట్టలనూ కావలసిన తీరున కలుపుకోవచ్చు. చాలామంది ఒక చుట్టను ఆపివేసే మీట పెట్టుకుంటారు. దానివల్ల గొంతు పలచబడుతుంది గాని, సెత్ లవర్ అంత కష్టపడి వెళ్ళగొట్టిన రొద మళ్ళీ ఇంట్లోకి వస్తుంది. నన్నడిగితే రెండు చుట్టలనూ సమాంతరంగా కలిపే మీట మేలు. గొంతు అలాగే తేలికపడుతుంది, రొద రాదు. అయితే పైకి లాగే మీట ఉన్న కంట్రోలు పొడుగుగా ఉంటుంది; సన్నని ‘ఎఫ్’ రంధ్రంలో అది దూరుతుందో లేదో ముందే కొలవాలి. మేము కొలిచి, ఆ ఆలోచన మానుకున్నాం.

టోన్ కెపాసిటర్ 0.022 మైక్రోఫారడ్. దాన్ని ఎక్కడ కలపాలన్నది 1950ల నుంచీ రెండు సంప్రదాయాలు. వాల్యూమ్ కంట్రోలుకు పికప్ వైరు వచ్చి చేరే కాలికి కలపడం ఒకటి. శబ్దం బయటికి పోయే నడిమి కాలికి కలపడం మరొకటి. రెండోదే పాతది. అందులో వాల్యూమ్ తగ్గించినా గొంతు స్పష్టత అంతగా తగ్గదు. పాటకుడి వెనుక మెల్లగా వాయించవలసిన మావాడికి అదే తగినదనిపించింది. ఖర్చు ఒక్క వైరు ముక్క.

అసలు పరీక్ష ఆ తరువాతే. ఘన కొయ్య గిటారుకు వెనుక మూత ఉంటుంది; తీసి, పని చేసి, మూసేయవచ్చు. ఈ రకంలో సామాన్యంగా అది ఉండదు. నాలుగు కంట్రోళ్ళు, ఒక స్విచ్చి, ఒక జాక్, అన్నీ వైర్లతో కలిసి ఒకే గుత్తిగా ‘ఎఫ్’ రంధ్రంలోంచి గాని పికప్ గుంటలోంచి గాని లోపలికి పోవాలి. పోయి ఎవరి రంధ్రంలోంచి వారు తల బయట పెట్టాలి. సీసాలో ఓడ కట్టేవాడికి ఉండే ఓర్పు కావాలి. ముందుగా ఒక అట్టను పైపలక మీద పరచి రంధ్రాల స్థానాలు గుర్తించాలి. అట్టకు ఆ చోట్ల తూట్లు పొడిచి, కంట్రోళ్ళను వాటిలో నిలబెట్టి, సోల్డరింగ్ అంతా బయటే ముగించాలి. గిటారు మీద సోల్డరింగ్ చేయడమే తప్పు. ఒక్క వేడి చుక్క పడితే ఆ మచ్చ జన్మకు పోదు. తరువాత చేపల తొట్టికి గాలి పంపే సన్నని గొట్టం ముక్కలను ఒక్కొక్క రంధ్రంలోంచి లోపలికి దింపి, ‘ఎఫ్’ రంధ్రంలోంచి బయటికి లాగి, కంట్రోలు కాడలకు తొడగాలి. గుత్తిని లోపలికి తోసి ఒక్కొక్క గొట్టాన్నే మెల్లగా పైకి లాగితే కంట్రోలు దానంతట అదే తన చోటికి వస్తుంది. జాక్‌కు పాత గిటారు తీగ ఒకటి చాలు. పాత గుత్తిని బయటికి తీసేముందు మాత్రం కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. తీగలను బిగించే భాగానికి ఒక వైరు పోతుంది, అదే తీగలకు ఎర్త్. దాన్ని తెంపి మరిచిపోతే రొద తాండవిస్తుంది.

మొదటి ఆదివారం సాయంత్రానికి అన్నీ తమ తమ స్థానాలకు చేరాయి. తీగలు బిగించాం. బ్రిడ్జి పికప్ ఒక్కటే వాయిస్తే అమోఘం. మెడ పికప్ ఒక్కటే వాయిస్తే ముచ్చట. రెండూ కలిపితే నాదం కాస్తా ముక్కుతో పాడినట్టు పీలగా అయిపోయింది! మావాడు నావైపు చూశాడు. తప్పు నాదే. పాత పికప్, కొత్త పికప్ వేర్వేరు తయారీలవి. ఒకటి ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతోంది. ఈ సంగతి లోపల పెట్టకముందే తెలుసుకోవచ్చు. మీటరును ఓముల మీద ఉంచి పికప్‌కు తగిలించి, దాని మీద ఆనించిన స్క్రూడ్రైవరును చటుక్కున పైకి లాగితే సంఖ్య ఒక్క క్షణం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. పాత కాలపు ముల్లు మీటరయితే ఇంకా స్పష్టం. రెండు పికప్‌లూ ఒకే వైపు పోవాలి. నాకు తెలిసిన సంగతే, తొందరలో మరిచాను.

రెండో ఆదివారం మళ్ళీ మొత్తం బయటికి. నాలుగు వైర్ల పికప్ కొన్న పుణ్యాన రెండు వైర్లను తారుమారు చేస్తే సరిపోయింది. ఎర్త్ కవచం వైరును మాత్రం కదల్చలేదు. అదే పాత పద్ధతి ఒంటి వైరు పికప్ అయితే దాని చుట్టూ ఉన్న లోహపు అల్లిక ఎర్త్‌కే పోవాలి కనుక, విప్పి లోపలి అయస్కాంతాన్ని తిప్పవలసి వచ్చేది. మళ్ళీ లోపల పెట్టేటప్పుడు ఒక గొట్టం జారి టోన్ కంట్రోలు డొక్కలో పడింది. దాన్ని పట్టడానికి ఇంకో గంట.

ఇంతా చేసి ఆంప్లిఫయరుకు తగిలించేముందు మా ఇంటి గోడ ప్లగ్గులో ఎర్త్ ఉన్నదో లేదో చూశాను. ఇది చాదస్తం కాదు. గిటారు తీగలు ఎర్త్ ద్వారా ఆంప్లిఫయరు పెట్టెకు కలిసే ఉంటాయి. స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ 1972లో స్వాన్సీ నగరంలో వేదిక మీద సరిగా ఎర్త్ లేని మైకును ముట్టుకొని మరణించాడు. యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో తన ఇంట్లోనే, ఎర్త్ సరిగాలేని గిటారు వాయిస్తూ ప్రాణం కోల్పోయాడు. పెళ్ళిపందిళ్ళలో మూడు కాళ్ళ ప్లగ్గు మూడో కాలు విరిచి రెండు కాళ్ళ సాకెట్టులో దూర్చే అలవాటు మనకు తెలియనిది కాదు. రొద తగ్గిందని సంతోషించి ఎర్త్ తీసేసేవారు కూడా ఉన్నారు. మావాడి చేత అటువంటి పందిరిలో వాయించనని మాట తీసుకున్నాను. పందిరి వారితో ముందుగా మాట్లాడమన్నాను కూడా.

మరొక మాట. మీ చేతిలో ఉన్నది 1950ల నాటి అసలు గిటారే అయితే పైన రాసినదంతా మరిచిపోయి దాన్ని అలాగే ఉంచండి. దానిలోని పాత సోల్డరు చుక్కకు సైతం విలువ ఉంటుంది. మావాడిలాంటి గిటార్లకు ఆ బెంగ లేదు. అయినా తీసిన పికప్‌ను పారేయవద్దన్నాను. రేపు ఈ గిటారును అమ్మవలసి వస్తే, ఊడిన మూతను అతికించి మైనం పట్టించగల ఓపిక ఎవరికైనా ఉంటే, అది మళ్ళీ తన చోటికి పోవచ్చు. దాని వైర్లను కత్తిరించకుండా సోల్డరు కరిగించి ఊడదీశాం. పాత బిస్కెట్ డబ్బాలో దూది పరచి పెట్టి, ఏ వైరు ఎక్కడ ఉండేదో రాసిన కాగితం మడిచి అందులోనే ఉంచాడు. 310 చూపిన కంట్రోలు కూడా ఆ డబ్బాలోనే ఉంది.

మిగిలిన డబ్బుతో కొత్త తీగలు రెండు జతలు, ఒక మూడు మీటర్ల కేబులు కొన్నాడు.